పాత అంబాసిడర్ డోర్ రబ్బర్లు ఇంట్లోనే మార్చుకోవచ్చా?

మీ తాతగారి అంబాసిడర్‌లో వాన పడితే కాళ్ల కింద నీళ్లు చేరుతున్నాయని, ఎండాకాలం లోపలంతా దుమ్మేనని, వెనక సీట్లో పిల్లలకు పొగ వాసన వస్తోందని రాశారు. డోర్ అంచులకు సిలికాన్ పూస్తే చాలని కడపలో ఒక మెకానిక్ అన్నాడని, అది నిజమేనా, లేక రబ్బర్లు మార్చాలా అని అడిగారు. అనంతపురంలో మా నాయన 1986 మోడల్ అంబాసిడర్‌కు నేను రెండుసార్లు రబ్బర్లు మార్చాను. మొదటిసారి చెడిపోయింది, రెండోసారి నిలబడింది. రెండూ చెబుతాను.

అన్నిటికంటే ముందు ఆ పొగ వాసన సంగతి చూడండి. కారు పరుగెత్తేటప్పుడు వెనక భాగంలో గాలి ఒత్తిడి తగ్గుతుంది. డిక్కీ రబ్బరు గట్టిపడి సందు ఇచ్చిందంటే సైలెన్సర్ పొగ వెనక్కి తిరిగి లోపలికి వస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన కూడా ఉండదు. కాబట్టి మొదట డిక్కీ రబ్బరు మార్చండి, సైలెన్సర్ ఎక్కడైనా లీకవుతోందేమో, ఫ్లోర్‌కు తుప్పు రంధ్రాలు పడ్డాయేమో కూడా చూపించండి. ఆ పని అయ్యేదాకా పిల్లలను ఎక్కించుకుని దూరం పోవద్దండీ.

సిలికాన్ మాత్రం వద్దు. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ పెయింటు పోయిన ఇనుముకు తగిలితే తుప్పు పుట్టిస్తుంది. పైగా రేపు అసలు రబ్బరు వేయాలంటే దాన్ని గీకి తీయడమే పెద్ద శిక్ష.

నేను మొదటిసారి చేసిన తప్పు, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడకుండానే రబ్బరు కొనడం. ఒక షాపులో వెనక స్టిక్కర్ ఉన్న స్పాంజి పట్టీ ఇచ్చారు. గంటలో నాలుగు డోర్లకూ అంటించేశాను. మా దగ్గర ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది కదా, మే నెలకల్లా జిగురు కరిగి పట్టీ వేలాడింది. ఊడనిచోట ఇంకా ఘోరం: స్పాంజి వాన నీళ్లు పీల్చి పట్టుకుని, డోర్ కింది అంచు తుప్పు పట్టింది. నాయన ఏమీ అనలేదు గానీ, ఆ అంచును చేత్తో తడిమి చూసుకోవడం నాకింకా గుర్తుంది.

రెండోసారి ముందు నీళ్లు పోసి చూశాం. నాయన టార్చి పట్టుకుని లోపల కూర్చున్నాడు, నేను బయట పైపు పట్టుకున్నాను. నీళ్లు కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి పోవాలి. ముందే పైన పోస్తే అన్నీ తడిసి ఏది ఎక్కడిదో తెలియదు. చూస్తే, డ్రైవర్ కాళ్ల దగ్గరికి వచ్చే నీళ్లలో సగం డోర్ నుంచి కాదు, ముందు అద్దం రబ్బరు మూల నుంచి దిగుతున్నాయి. మీరూ ఈ పరీక్ష చేశాకే డబ్బు ఖర్చు పెట్టండి.

ఇక రబ్బరు. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, ఇప్పుడు దొరికేవి ఎక్కువగా వేరే కంపెనీలు చేసినవే, లావు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. అందుకే పాతదాంట్లో బాగా అణగని చోట రెండంగుళాల ముక్క కోసి చేత్తో తీసుకెళ్లండి. కార్ల విడిభాగాల షాపులుండే బెంగళూరు జేసీ రోడ్డుకు నేను అలాగే వెళ్లాను. ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు అడగండి. మామూలు సహజ రబ్బరు ఎండకు, గాలిలోని ఓజోన్‌కు బీటలు వారుతుంది, ఇది చాలా కాలం తట్టుకుంటుంది.

లావు తెలుసుకోవడానికి మా ఇంట్లో గోధుమపిండి ముద్దే పనికొచ్చింది. ముద్దను ప్లాస్టిక్ కవరులో చుట్టి డోర్ అంచున పెట్టి, డోర్ మూసి తీస్తే అణిగిన మందమే మీ గ్యాపు. నాలుగైదు చోట్ల చూడండి, పాత కార్లలో ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మా కారుకు లాక్ వైపు 8 మిల్లీమీటర్లు వచ్చింది, 12 మిల్లీమీటర్ల బోలు రబ్బరు వేశాను. మూడో వంతు అణిగితే నీళ్లు ఆగుతాయి, డోరూ పడుతుంది.

అసలు కష్టమంతా పాత జిగురు తీయడంలోనే ఉంది. పాత ఏటీఎం కార్డుతో గీకి, టర్పెంటైన్ గుడ్డతో తుడవండి. థిన్నర్ పెయింటును లేపేస్తుంది. తుప్పు ఉంటే ఉప్పుకాగితంతో రుద్ది, తుప్పు రాకుండా ఆపే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టి, పైన పెయింటు వేసి, రెండు రోజులు ఆరనివ్వండి. మాకు ఒక్క డోర్‌కే మూడు రోజులు పట్టింది. అదే పనిలో డోర్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలను పుల్లతో పొడిచి చూడండి. మాకు అవన్నీ ఎర్రమట్టితో మూసుకుపోయి ఉన్నాయి.

అంటించడం పొద్దున్నే, నీడలో చేయాలి. ఎండలో గమ్ పూస్తుండగానే ఆరిపోతుంది. నేను ఫెవికాల్ ఎస్ఆర్ 998 వాడాను. ఇనుముకూ రబ్బరుకూ రెండింటికీ పలుచగా పూసి, వేలికి అంటనంత ఆరాక నొక్కాలి. నాకు సాయం వచ్చిన టింకర్ భాయ్ ఒకే మాట పదిసార్లు చెప్పాడు: "అన్నా, రబ్బరును లాగొద్దు, అదే వచ్చి కూర్చోవాల." లాగి అంటించిన రబ్బరు తర్వాత కుంచించుకుని మూలల్లో లేచిపోతుంది. మూలల దగ్గర కొంచెం లోపలికి తోస్తూ అంటించండి. అతుకు డోర్ కిందివైపు రావాలి.

కొత్తలో డోర్ గట్టిగా ఉంటుంది. బాదవద్దు. రాత్రిళ్లు పూర్తిగా మూసి ఉంచితే వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. అప్పటికీ పడకపోతే లాక్ పడే ప్లేటును కొంచెం బయటికి జరిపించండి. పేపరు ముక్క పెట్టి డోర్ మూసి లాగితే బిగువుగా రావాలి. సులువుగా వచ్చేసిన చోట సందు ఉన్నట్టే.

ముందు అద్దం రబ్బరు మాత్రం నేను ముట్టుకోలేదు. గాడిలో తాడు పెట్టి, సబ్బునీళ్లు రాసి, లోపలి నుంచి తాడు లాగుతూ రబ్బరు అంచును కూర్చోబెడతారు. బయట ఒకరు అద్దాన్ని నొక్కి పట్టాలి. ఆ అద్దం పగిలితే ఇంకొకటి వెతకడం ఎంత కష్టమో తెలుసు కాబట్టి, చేయి తిరిగినవాళ్లతోనే చేయించాను.

మెరుపు కోసం రబ్బర్లకు డీజిల్, ఇంజిన్ ఆయిల్ రాయకండి. ఈపీడీఎం నూనెకు ఉబ్బి మెత్తబడుతుంది. నెలకోసారి తడిగుడ్డతో దుమ్ము తుడిచి, సిలికాన్ స్ప్రే (పైన వద్దన్న అంటించే సిలికాన్ కాదు) గానీ టాల్కమ్ పౌడర్ గానీ రాస్తే చాలు.

మన సీమలో గట్టి వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే కాబట్టి అంతకుముందే ఈ పని ముగించుకోండి. పాత రబ్బరు కోసిన ముఖం కనిపించేలా ఒక ఫొటో పెట్టండి, ఏ రకం అడగాలో చూసి చెబుతాను.