లేజర్ చేయించుకున్నాక పేపరు చదవడం సంగతి

షుగర్ వల్ల కంటి వెనక రక్తనాళాలు దెబ్బతిన్నాయని మీ అమ్మగారికి లేజర్ రాశారని, ఆ తర్వాత ఆవిడ పేపరు చదవగలరా అని అడిగారు. నాకు రెండు కళ్లకీ చేశారండి. పాలకొల్లు దగ్గర ధాన్యం కొట్లో లెక్కలు రాస్తాను, కాబట్టి ఈ బెంగ నాకు బాగా తెలుసు.

లేజర్ పోయిన చూపును తిరిగి తెచ్చేది కాదు, ఉన్నదాన్ని నిలబెట్టేది. ఇది ముందే తెలిసుంటే మొదటి నెలలో అంత కుంగిపోయేవాణ్ణి కాదు.

అమ్మగారికి చేసేది ఏ లేజరో అడగండి. కొత్తగా పుట్టిన పిచ్చి రక్తనాళాలు చిట్లి కంట్లో రక్తం కారకుండా, రెటీనా అంటే కంటి వెనకుండే చూపు పొర అంచుల చుట్టూ లేజర్‌తో వందల చుక్కలు పెట్టేది ఒకటి. నా ఎడమ కంటికి మూడు సిట్టింగుల్లో అదే చేశారు. కొన్ని వారాలు దగ్గరివి మసకగా కనిపించి, తర్వాత సర్దుకుంది. చదువుకి పెద్ద ఇబ్బంది లేదు గానీ, చీకటి పడ్డాక కాలవ గట్టు మీద బండి నడపడం మానేశాను.

కుడి కంటికి చేసింది రెండో రకం, రెటీనా నడుమ ఉండే మాక్యులా పక్కన, అక్కడి వాపు దిగడానికి. మనం చదివేది ఆ చోటుతోనే. వాపు దిగింది, గీతలు వంకరగా కనిపించడం తగ్గింది. కానీ చూసే చోటికి కుడివైపున చిన్న మచ్చ మిగిలిపోయింది. ఒకరోజు చిట్టాలో 1,380 బస్తాలు ఉంటే 138 అని పైకి చదివాను. చివరి సున్నా మచ్చలో పడిపోయింది. మా కుర్రాడు ఆపాడు కాబట్టి సరిపోయింది, ఆ పూట మళ్లీ పెన్ను పట్టలేకపోయాను. పేపర్లో అయితే ఒత్తులు జారిపోయేవి.

ఇప్పుడు వరుస కింద స్కేలు పెట్టుకుని, మాట చివరిదాకా చూపు జరిపి చదువుతాను. అన్నిటికన్నా పనికొచ్చింది వెలుతురు. గదిలో ట్యూబ్‌లైటు చాలదు, కాగితం మీదే పడేలా టేబుల్ లైటు పెట్టండి. కళ్లజోడు మాత్రం తొందరపడి మార్చకండి. వాపు దిగకముందే చేయించుకున్న నా జోడు రెండు నెలలకే పనికిరాకుండా పోయింది.

వాపు సరిగ్గా నడిమధ్యలో ఉండి చూపు తగ్గితే ఈ రోజుల్లో ఎక్కువగా ముందు కంట్లోకి ఇంజెక్షన్లే ఇస్తారు. కంటి వెనక పొరల్ని చూపించే ఓసీటీ స్కాన్‌లో ఆ వాపు ఎక్కడుందో చూపించమనండి.

భయపడి వాయిదా మాత్రం వెయ్యకండి. 1985లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనంలో, మాక్యులా వాపు ఉండి లేజర్ వెంటనే చెయ్యని కళ్లలో మూడేళ్లకి 24 శాతం, చేసిన కళ్లలో 12 శాతం చెప్పుకోదగ్గ చూపు కోల్పోయాయి. నేను ఆర్నెల్లు వాయిదా వేశాను, అది ఇప్పటికీ బాధే. చేయించుకున్నాక కూడా కంటి ముందు నల్ల చుక్కలు ఒక్కసారిగా రాలినట్టున్నా, తెర దిగినట్టున్నా అదే రోజు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

సిట్టింగు రోజు మందు చుక్కలు వేస్తారు, కొన్ని గంటలపాటు అక్షరం కనపడదు. ఆవిణ్ణి ఒంటరిగా పంపకండి, నల్ల కళ్లజోడు తీసుకెళ్లండి. ఆ సాయంత్రం పేపరు మీరే చదివి వినిపించండి.