సీరియల్ మానిటర్‌లో వస్తోంది, డాష్‌బోర్డ్‌లో రావట్లేదు

ప్రశ్న: సార్, మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. బీటెక్ ప్రాజెక్ట్ కోసం మా మిరప చేలో నోడ్‌ఎంసీయూ అనే వైఫై బోర్డుకి డీహెచ్‌టీ11 టెంపరేచర్ సెన్సర్, నేల తేమ సెన్సర్ కలిపి, డేటాని గ్రాఫ్‌లుగా చూపే థింగ్‌స్పీక్ వెబ్‌సైట్‌కి పంపిస్తున్నా. కంప్యూటర్‌లో బోర్డు విలువలు చూపే సీరియల్ మానిటర్‌లో రెండూ బాగానే కనిపిస్తున్నాయి కానీ థింగ్‌స్పీక్‌లో టెంపరేచర్ గ్రాఫ్ ఒక్కటే కదులుతోంది, తేమ గ్రాఫ్ ఖాళీ. సెన్సర్ మార్చినా అంతే. బోర్డు పోయిందంటారా?

జవాబు: బోర్డు పోలేదు, సెన్సరూ పోలేదు, దయచేసి ఇంకోటి కొనకండి. సీరియల్ మానిటర్‌లో విలువ వస్తోందంటేనే అక్కడిదాకా అంతా సరిగ్గా ఉన్నట్టు. మీరు పంపిన కోడ్ చూశా, టెంపరేచర్‌కి ఒక రైట్‌ఫీల్డ్ (ఒక్క విలువని పంపే కమాండ్), దాని కింద లైన్‌లోనే తేమకి ఇంకో రైట్‌ఫీల్డ్ పెట్టారు, చిక్కంతా అక్కడే. థింగ్‌స్పీక్ ఫ్రీ అకౌంట్‌లో ఒక ఛానెల్‌కి (మీ ప్రాజెక్ట్ డేటా చేరే చోటు) ఒకసారి డేటా వెళ్లాక 15 సెకన్ల దాకా ఇంకోటి తీసుకోదు, మీ రెండో లైన్ సెకను కూడా ఆగకుండా వెళ్తోంది కాబట్టి ప్రతిసారీ తేమ విలువే బయట ఆగిపోతోంది.

చేయాల్సింది చిన్న మార్పే. సెట్‌ఫీల్డ్‌ కమాండ్‌తో 1వ ఫీల్డ్‌లో (ఒక్కో విలువకి ఉండే గడి) టెంపరేచర్, 2వ దాంట్లో తేమ పెట్టేసి, చివర్లో రైట్‌ఫీల్డ్స్ అని ఒక్కసారే పంపండి. ఒక ఛానెల్‌లో 8 ఫీల్డ్‌లు ఉంటాయి, అన్నీ ఒకే విడతలో వెళ్తాయి, ఎన్ని ఫీల్డ్‌లు పంపినా లెక్కలో ఒక్క మెసేజే.

ఇంకోటి, ఇది మాత్రం తప్పకుండా చేయండి: పంపాక తిరిగొచ్చే నంబర్‌ని ప్రింట్ చేయండి. చాలామంది దాన్ని పట్టించుకోరు, వారాలకి వారాలు వైర్లు పీకి పెడుతుంటారు. 200 వస్తే డేటా చేరినట్టు. -401 వస్తే చాలావరకు ఈ 15 సెకన్ల గొడవే. -301 అయితే సర్వర్‌కి కనెక్టే అవ్వలేదు, వైఫై చూసుకోవాలి. 400 వస్తే రైట్ కీ (డేటా పంపడానికి థింగ్‌స్పీక్ ఇచ్చే కోడ్) బదులు రీడ్ కీ (డేటా చదవడానికి ఇచ్చేది) పెట్టారేమో చూడండి, రెండూ ఒకే పేజీలో ఉంటాయి కదా, కాపీ చేసేటప్పుడు తేలిగ్గా మారిపోతాయి.

అసలు చేలో తేమ మీ కోడ్‌లో పెట్టినట్టు 20 సెకన్లకోసారి ఎందుకు చెప్పండి, నీళ్లు పెట్టాక కూడా అంత వేగంగా ఏమీ మారదు. 10 నిమిషాలకోసారి చాలు, రోజుకి 144 రీడింగ్‌లు, గ్రాఫ్ చూడ్డానికీ బావుంటుంది. మధ్యలో డీప్ స్లీప్ (బోర్డుని నిద్రపుచ్చడం) పెడితే బ్యాటరీ కూడా చాలా మిగుల్తుంది, దానికి డీ0 పిన్‌ని ఆర్‌ఎస్‌టీ (రీసెట్) పిన్‌కి వైర్‌తో కలపాలి, లేకపోతే పడుకున్న బోర్డు లేవదు. కోడ్ అప్‌లోడ్ చేసేటప్పుడు మాత్రం ఆ వైర్ తీసేయండి.

ఫోటోలో మీ తేమ సెన్సర్‌కి రెండు లోహపు కాళ్లు కనిపిస్తున్నాయి. అది తడి మట్టిలో ఎప్పుడూ కరెంటుతో ఉంటే కొన్నాళ్లకే ఆ కాళ్లు అరిగిపోయి రీడింగ్ పక్కదారి పడుతుంది. సీజనంతా చేలో ఉంచేదైతే లోహం నేరుగా మట్టికి తగలని కెపాసిటివ్ రకం తీసుకోండి. అది పొడిగా ఉంటే ఎక్కువ నంబర్, తడిస్తే తక్కువ నంబర్ చూపిస్తుంది, కాబట్టి ముందు గాల్లో ఒకటి, గ్లాసు నీళ్లలో సెన్సర్ మీదున్న గీత దాకా ముంచి ఒకటి రీడింగ్ రాసుకుని వాటి మధ్య శాతం లెక్కేయండి. వేరేవాళ్ల కోడ్‌లో ఉన్న నంబర్లు మీ సెన్సర్‌కి సరిపోవు.

ప్రశ్న: ఈఎస్‌పీ32 అనే ఇంకో వైఫై బోర్డులో జీపీఐఓ 25 పిన్‌కి సెన్సర్ పెట్టా. వైఫై లేకుండా రీడింగ్ బావుంది, వైఫై ఆన్ చేయగానే పిచ్చి విలువలు. ఎందుకు?

జవాబు: సెన్సర్ వోల్టేజీని నంబర్‌గా మార్చే భాగాన్ని ఏడీసీ అంటారు, ఈ బోర్డులో అవి రెండు. ఆ పిన్ ఏడీసీ2 కిందది, వైఫై నడుస్తున్నప్పుడు ఏడీసీ2ని వైఫైయే వాడుకుంటుంది. కోడ్‌తో సర్దుబాటు చేసే పని పెట్టుకోకండి, వైర్ తీసి 32 నుంచి 39 మధ్యలో మీ బోర్డు మీద బయటికి ఉన్న పిన్ దేనికైనా పెట్టండి, అవి ఏడీసీ1వి. సెన్సర్ అవుట్‌పుట్ 3.3 వోల్టులు దాటకుండా చూసుకోండి, 5 వోల్టులు నేరుగా ఇస్తే పిన్ కాలిపోవచ్చు.