పప్పునూనె ఒక్కటే చాలదు, నువ్వులూ తినాలి

పాలకొల్లు

అమ్మడూ,

ఆశీస్సులు. "కూరల్లో పప్పునూనే వాడుతున్నాం కదా పెద్దమ్మా, మళ్ళీ నువ్వులెందుకు?" అన్నావు. ఫోనులో తేలే విషయం కాదని ఉత్తరం రాస్తున్నాను.

నువ్వుల బరువులో సగం దాకా కొవ్వే. గానుగ ఆడితే దిగేది ఆ కొవ్వే, అదే మన పప్పునూనె. మాంసకృత్తులు, పీచు, కాల్షియం, ఐరన్ నూనెలో కరగవు, పిండిలోనే ఉండిపోతాయి. పొట్టు తీయని నువ్వులు వంద గ్రాములు తీసుకుంటే మాంసకృత్తులు 17 గ్రాములు, పీచు 11 గ్రాములు, కాల్షియం 900 మిల్లీగ్రాముల పైమాటే. ఐరన్ కూడా 14 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. నూనెలో ఇవన్నీ దాదాపు సున్నా. క్యాలరీలు మాత్రం నువ్వుల్లో 570 అయితే నూనెలో 880. నీకు డాక్టరు తక్కువున్నాయని చెప్పినవి కాల్షియం, ఐరన్. మరి నూనె పోసుకుంటే ఎక్కణ్ణుంచి వస్తాయి?

అలాగని పప్పునూనె మానకు. అందులో మంచి కొవ్వులే ఎక్కువ, త్వరగా ముక్కిపోయిన వాసన రానివ్వని గుణమూ దానికుంది. మన ఆవకాయ ఏడాది పొడుగునా నిలవడంలో దాని పాత్ర తక్కువేం కాదు. పోపుకీ పచ్చళ్ళకీ వాడుకో, కానీ కొలిచి పొయ్యి.

నువ్వులు కొనేటప్పుడు తళతళలాడే తెల్లవాటికి ఆశపడకు. పొట్టు తీసేస్తే కాల్షియం చాలావరకు దానితోనే పోతుంది. అయితే పొట్టులో ఆక్సలేట్లు కూడా ఉంటాయి, అవి కాల్షియాన్ని కొంత ఒంటికి పట్టనివ్వవు. పెద్దవాళ్ళకి రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి, పెద్ద చెంచాడు నువ్వుల్లో ఉండేది 80 చిల్లర. అందుకే పాలూ పెరుగూ మానకూడదు.

నువ్వులు నమలకుండా మింగితే అలాగే బయటికి పోతాయి. సన్నటి సెగ మీద చిటపటలాడేదాకా వేయించి, చల్లారాక ఎండుమిర్చి, ఉప్పు, వెల్లుల్లితో పొడి కొట్టుకో. ఒక్కసారే ఎక్కువ కొట్టి పెట్టకు, పొడి త్వరగా పాడవుతుంది. వేడన్నంలో ఆ పొడి వేసుకుని, పక్కన కందిపప్పు ఉండేలా చూసుకో. మాంసకృత్తుల్లో ఉండాల్సిన లైసిన్ అనే భాగం నువ్వుల్లో తక్కువ, అది పప్పులో దొరుకుతుంది. పైన నిమ్మరసం పిండుకుంటే ఐరన్ బాగా పడుతుంది. తీపి కావాలంటే బెల్లంతో దంచిన చిమ్మిలి ఉండనే ఉంది.

ఇక తెలగపిండి సంగతి. నూనె తీశాక మిగిలేది కదా అని చులకన చేయకు, నూనెలోకి దిగని సారమంతా అందులోనే ఉంది. బాలింతలకు వండిపెట్టడం మనవైపు ఆనవాయితీ. తినడానికని ఆడించిన తాజా పిండే కొను, పశువుల దాణా చెక్క కాదు. కొంచెం నోట్లో వేసుకుంటే చేదుగా ఉందా, వద్దను. మరిగే నీళ్ళలో ఉప్పు, పసుపు, మునగాకు వేసి, ఆకు మెత్తబడ్డాక పిండి పోసి కలపకుండా మూత పెట్టు. నీరు ఇగిరాక గరిటెతో చిదిమితే పొడిపొడిగా విడిపోతుంది. అప్పుడు పప్పునూనెలో వెల్లుల్లి ఎర్రగా వేయించి పోపు పెట్టు. నూనె దాని చోట అది, పిండి దాని చోట అది.

పిల్లాడికి అన్నప్రాసన అయ్యాక నువ్వుపొడి మొదటిసారి చిటికెడే పెట్టు. దద్దుర్లు లేచినా, మూతి వాచినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, కొందరికి నువ్వులు పడవు. నీ మాత్రలు మాత్రం ఆపకు. ఈసారి రక్తపరీక్ష కాగితం వచ్చాక ఫోటో తీసి పంపు.

మీ పెద్దమ్మ