అర్థాలు ఇవ్వాలా, వద్దా?

ప్రశ్న: న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీ రచయితల కథల్ని ఇంగ్లిషు నుంచి తెలుగులోకి తెస్తున్నాను. మధ్యలో వచ్చే మావోరీ మాటలకు బ్రాకెట్లలో అర్థాలు ఇవ్వాలా?

జవాబు: వద్దండీ. ముందు మూలంలో ఏం చేశారో చూడండి. మావోరీ రచయిత్రి పెట్రీషియా గ్రేస్ 1986 నాటి 'పోటికి' నవలలో మావోరీ మాటల్ని వాలు అక్షరాల్లో వేయలేదు, చివర పదకోశమూ ఇవ్వలేదు. నవల ముగింపు మావోరీలోనే ఉంటుంది, అనువాదం లేకుండా. అదేదో మరిచిపోయి వదిలేసింది కాదు. 1867 నేటివ్ స్కూల్స్ చట్టంతో మావోరీ పిల్లల బడి చదువు ఇంగ్లిషులోకి మారింది. సొంత భాష మాట్లాడినందుకు పిల్లలు దెబ్బలు తిన్నారు. పుట్టిన నేల మీదే ఆ భాషకు పరాయి ముద్ర పడింది. ఇంగ్లిషు పుస్తకాల్లో పరాయి భాష మాటల్ని వాలు అక్షరాల్లో వేస్తారు కాబట్టి, వాలు అక్షరం చేసేదీ అదే పని. మీ బ్రాకెట్టు రచయిత్రి తీసేసిన ముద్రను మళ్లీ వేస్తుంది.

'ఫెనువా' అన్న మాట తీసుకోండి. నేల అన్నా అదే, మాయ అన్నా అదే. బిడ్డ పుట్టాక మాయను సొంత నేలలో పాతిపెట్టడం వాళ్ల ఆచారం. 'భూమి' అని రాసి ఊరుకుంటే భూమి కోసం సాగే కొట్లాట కాస్తా ఆస్తి తగాదా అయిపోతుంది. మావోరీలు అందరూ కలిసే చోటైన 'మరాయె'ను 'రచ్చబండ' చేసినా అంతే, చావుకు జనం కూడే చోటు అదేనన్న సంగతి పోతుంది. మాటను అలాగే ఉంచి, అక్కడ జరిగే పనిని స్పష్టంగా అనువదించండి. మూడోసారి వచ్చేసరికి పాఠకుడు పట్టేస్తాడు.

ఇంకోటి, మావోరీ మాటలో 'డబ్ల్యూహెచ్' కనిపిస్తే 'వ' అని కాదు, 'ఫ' అని రాయండి. అక్షరం మీద గీత ఉంటే దీర్ఘం.