గేర్‌బాక్స్ విప్పే ముందు

చి. బుజ్జమ్మకి,

పెదనాన్న దీవెనలు. మన టాటా 207కి ఇంజన్ మారుస్తున్నావని, అదీ నీ చేత్తోనే అని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కంచరపాలెం పాలిటెక్నిక్‌లో మెకానికల్ తీసుకున్నప్పుడే అనుకున్నాను, ఎప్పటికైనా నా పానాలు అడుగుతావని. నాకు సంతోషంగానే ఉంది, కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ మోకాలి ఆపరేషన్ లేకపోతే హైదరాబాద్‌లో ఒక్క పూట ఆగేవాణ్ణి కాదు, గోదావరి ఎక్కి వచ్చేసేవాణ్ణి.

ముందు ఛాసిస్ చూడు. ఇన్నేళ్లూ ఫిషింగ్ హార్బర్ ఐసు నీళ్లు కారిన బండి అది. సుత్తితో కొడితే ఖంగుమనాలి. పెచ్చులు రాలితే ఇంజన్ డబ్బులు దాచుకో. ఇంజన్ ఎవరి దగ్గర కొన్నా బిల్లు తీసుకో. నంబరు అరగదీసి మళ్లీ కొట్టినట్టు అనుమానం వస్తే ఊరికే ఇచ్చినా వద్దు. ముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి, కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించుకో. లేదంటే ఏటా ఎఫ్‌సీకి, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి, వెళ్లినప్పుడల్లా తలనొప్పే. ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పు. బ్యాటరీ నెగిటివ్ ముందు తియ్యి. వైర్లు పీకేముందు ఫోన్‌లో ఫోటోలు తీసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇంజన్ ఎత్తే చైన్ బ్లాక్ మాత్రం షెడ్డు పైపుకి తగిలించకు. ఆ పైపు పైకి రంగుతో నిగనిగలాడుతుంది, లోపల మన ఊరి ఉప్పుగాలి ఎంత తినేసిందో ఎవడికి తెలుసు? రెండొందల కిలోల పైమాట ఇనుమమ్మా అది. గట్టి స్టాండు అద్దెకి తెచ్చుకో. ఇంజన్ గాల్లో ఉన్నంతసేపూ దాని కింద చెయ్యి కాదు కదా, చెప్పు కూడా పెట్టకు. జడ ముడి వేసుకో, చున్నీ ఇంట్లో వదిలెయ్. ముసలాడి చాదస్తం అనుకున్నా సరే.

ఇంక అసలు సంగతి. గేర్‌బాక్స్ విడదీశాక బెల్ హౌసింగ్‌కి, అదే క్లచ్‌ని కప్పి ఇంజన్‌కి బిగించే డొప్పకి, కింద ఎడమ పక్క బోల్టు చెవి దగ్గర చీమలబారులాంటి వెల్డింగ్ మచ్చ కనిపిస్తుంది. ఇదెవడి పని అని మీ నాన్నని అడుగుతావు, వాడికి తెలియదు. అది నా పనే.

2013లో ఈ బండికే ఇంజన్ దింపి బోరు చేయించాను. ఎక్కించేసరికి రాత్రి పదకొండు. తెల్లవారి నాలుగింటికల్లా మీ నాన్న హార్బర్‌లో ఉండాలి, చేపల లోడుకి అడ్వాన్సు తీసేసుకున్నాడు. ఇంజన్ గేర్‌బాక్స్ దాకా వచ్చి రెండు వేళ్ల సందు మిగిలింది. ఎంత తోసినా కలవదు. క్లచ్ ప్లేటు సెంటర్‌లో లేదని నాకు తెలుసు. కుర్రాళ్లకి వందసార్లు చెప్పినవాణ్ణి. ప్రెషర్ ప్లేటు వదులు చేసి, పాత గేర్‌బాక్స్ షాఫ్టు ప్లేటు మధ్యలో దూర్చి సెంటర్ చేస్తే అరగంట పని. ఆ అరగంటకి బద్ధకించాను. పొడుగు బోల్టులు నాలుగు ఎక్కించి వాటితోనే లాగేద్దామని స్పానర్ తిప్పాను. సందు ఒక వేలంత అయింది. మీ నాన్న టార్చి పట్టుకుని "అయిపోయిందన్నయ్యా, ఇంకొక్క పట్టు" అంటున్నాడు. టక్‌మంది. పెద్ద చప్పుడేం కాదు, పుల్ల విరిచినంత.

"ఏంటన్నయ్యా?"

"ఏం లేదు, టార్చి సరిగ్గా పట్టు."

వాణ్ణి టీకి పంపి చూశాను. చెవి విరిగి బోల్టుకి వేలాడుతోంది. ఏదో సామాను దొరకలేదని అబద్ధం చెప్పి, మర్నాడు ఆర్గాన్ వెల్డింగ్ పెట్టించి బిగించాను. లోడు పోయింది, వాడు అడ్వాన్సు తిరిగి ఇచ్చుకున్నాడు. పోనీ అక్కడితో అయిందా? వెల్డింగ్ వేడికి హౌసింగ్ కాస్త వంగినట్టుంది, ఫస్ట్ గేర్‌లో క్లచ్ వదిలితే బండి వణికేది. "క్లచ్ మీద కాలేసి నడుపుతావురా" అని ఎదురు నేనే వాణ్ణి తిట్టేవాణ్ణి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను పోయాక వాడు ఈ బండి మీదే వీధి వీధికీ నీళ్ల టిన్నులు తిప్పాడు. ఒక సాయంత్రం వచ్చి, "ఇవాళ క్లచ్ మీద కాలు అస్సలు పెట్టలేదన్నయ్యా, అయినా వణుకుతోంది" అన్నాడు, తప్పు తనదే అన్నట్టు. తర్వాత రెండుసార్లు క్లచ్ ప్లేటు మార్చిందీ నేనే, ఇంకొకరి చేతికి ఇవ్వనివ్వలేదు. తమ్ముడి బండి మీద ప్రేమ అనుకున్నాడు పాపం.

ఆ హౌసింగ్ తీసిపారేసి ఆటోనగర్‌లో మంచిది వెతుకు. డబ్బు నేను పంపిస్తాను, వద్దనకు. క్లచ్ సెట్టు, రిలీజ్ బేరింగ్, వెనక ఆయిల్ సీలు కొత్తవి వెయ్యి. సందు కలవకపోతే బోల్టు ముట్టుకోకు. బండి గేరులో పెట్టి, ముందు క్రాంక్ పుల్లీని స్పానర్‌తో మెల్లిగా అటూ ఇటూ కదిపించు. పళ్లు పట్టాయంటే చేత్తో తోస్తేనే కూచుంటుంది. కూచోలేదా, వెనక్కి లాగి మళ్లీ సెంటర్ చెయ్యి. రాత్రయితే తాళం వేసి ఇంటికి పోయి అన్నం తిను.

రేడియేటర్ కడిగించు. మొదటిసారి స్టార్ట్ చేసేముందు స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని, ఆయిల్ లైటు ఆరేదాకా ఆగి ఆగి సెల్ఫ్ కొట్టు. మొదటి వెయ్యి కిలోమీటర్లు అనంతగిరి ఘాట్‌కి లోడు ఒప్పుకోకు, మీ నాన్న మొహమాటపడినా నువ్వు పడకు.

పాత షాఫ్టు పెరటి గదిలో, అటక మీద గోనెసంచిలో గ్రీజు పూసి ఉంది. ఈ ఉత్తరం మీ నాన్నకి చూపించకు. ఆదివారం నేనే ఫోన్ చేసి చెప్తాను. తిడతాడు, తిట్టనీ. అంతవరకూ గేర్‌బాక్స్ విప్పకు.

మీ పెదనాన్న