టెక్ సందేహాలు: డాబా మీద సిగ్నల్, ఇంట్లో సున్నా

ప్రశ్న: మా ఇల్లు ఊరి చివర మామిడి తోటలో ఉంది. డాబా ఎక్కితే రెండు గీతల సిగ్నల్ వస్తుంది గానీ, ఇంట్లో ఒక్కటి కూడా ఉండదు. ఫోన్ మాట్లాడాలంటే అమ్మ ప్రతిసారీ వేపచెట్టు కిందికి వెళ్లవలసి వస్తోంది. నాన్నగారిది కీప్యాడ్ ఫోన్. ఫైబర్ మా వైపు ఇంకా రాలేదు. ఆన్‌లైన్‌లో దొరికే సిగ్నల్ బూస్టర్ కొనవచ్చా?

జవాబు: కొనకండి. మన దేశంలో లైసెన్సు పొందిన టెలికాం సంస్థలు తప్ప ఎవరూ మొబైల్ సిగ్నల్ బూస్టర్లను కలిగి ఉండటం గానీ, అమ్మడం గానీ, వాడటం గానీ చట్టవిరుద్ధమని టెలికాం విభాగం 2022లోనే స్పష్టం చేసింది. అమ్మకానికి కనిపిస్తున్నంత మాత్రాన అది సక్రమమైన సరుకు అనుకోనక్కర్లేదు. నాసిరకం బూస్టర్ తన సిగ్నల్‌ను తానే మళ్లీ అందుకుని, మైకు దగ్గరికి స్పీకర్ తెచ్చినప్పుడు కీచుమన్నట్టు, టవర్ వైపు రొద పంపుతుంది. దాంతో ఆ టవర్ మీద ఆధారపడిన ఊరందరి కాల్స్ దెబ్బతింటాయి.

ముందుగా గీతలను పక్కన పెట్టి అంకెను చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో సాధారణంగా సెట్టింగ్స్‌లోని అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్ కింద సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో, మైనస్ అంకెగా కనిపిస్తుంది. మైనస్ పక్కన అంకె ఎంత చిన్నదైతే సిగ్నల్ అంత బలంగా ఉన్నట్టు. 4జీలో మైనస్ 95 కంటే మెరుగ్గా ఉంటే ఇబ్బంది ఉండదు. మైనస్ 115 దాటి దిగజారితే మాట తెగిపోతుంది. ఈ అంకెలో ప్రతి 10 తేడాకు బలం పది రెట్లు మారుతుంది కాబట్టి, ఇంట్లో మైనస్ 118, డాబా మీద మైనస్ 98 ఉన్నాయంటే మీ కాంక్రీటు స్లాబూ గోడలూ నూటికి 99 పాళ్లు మింగేస్తున్నాయన్నమాట. పిట్టగోడ వెంబడి నాలుగు మూలలా నడిచి, ఒక్కో చోట అర నిమిషం ఆగి అంకె రాసుకోండి. ఇరుగుపొరుగు వాళ్ల సిమ్‌లతోనూ ఇదే పరీక్ష చేయండి, ఎందుకంటే ఒక్కో సంస్థ సిగ్నల్ ఒక్కో రకం తరంగాల మీద రావచ్చు. 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం నుంచి వచ్చినా గోడలను కొంత దాటగలవు. 2300 మెగాహెర్ట్జ్ తరంగాలు అంతలోనే నీరసిస్తాయి. టవర్లు ఏ దిక్కున ఉన్నాయో టెలికాం విభాగం వారి తరంగ్ సంచార్ పోర్టల్‌లో పటం మీద చూసుకోవచ్చు.

మీ ఇంటికి సరైన మార్గం, బయటి యాంటెన్నా బిగించుకునే వీలున్న 4జీ రౌటర్, అంటే సిమ్ వేస్తే ఇంటికి ఇంటర్నెట్ అందించే పెట్టె. డాబా మీద ఏ సంస్థ సిగ్నల్ బలంగా ఉందో ఆ సంస్థ సిమ్‌ను అందులో వేసి, దిశా యాంటెన్నాను (ఒకే దిక్కు సిగ్నల్‌ను బలంగా అందుకునేది) ఒక గొట్టానికి బిగించి టవర్ వైపు తిప్పండి. రౌటర్ మీ సంస్థ వాడే బ్యాండ్లను (నంబర్లతో పిలిచే తరంగాల శ్రేణులను), ముఖ్యంగా 3, 5, 8, 40లలో మీకు అవసరమైన వాటిని, అందుకోగలదో లేదో కొనే ముందే చూసుకోవాలి. చాలామంది పొరపడేది కేబుల్ దగ్గర. రౌటర్‌ను హాల్లో పెట్టి పది మీటర్ల సన్నని యాంటెన్నా కేబుల్ కిందికి లాగితే, యాంటెన్నా తెచ్చిపెట్టిన లాభంలో ఎక్కువ భాగం ఆ కేబుల్‌లోనే పోతుంది. అందుకే రౌటర్‌ను డాబా మీది మెట్ల గదిలోనే ఉంచి, యాంటెన్నా కేబుల్‌ను ఒకటి రెండు మీటర్లకు పరిమితం చేసి, ఇంట్లోకి రౌటర్ నుంచి ఇంటర్నెట్ మోసుకొచ్చే ల్యాన్ కేబుల్ దింపండి. అది వంద మీటర్ల వరకు నిక్షేపంగా పనిచేస్తుంది. దాని చివర హాల్లో ఒక చిన్న వైఫై పెట్టె పెట్టుకోవచ్చు.

తర్వాత అమ్మగారి ఫోన్‌లో వైఫై కాలింగ్, అంటే టవర్ సిగ్నల్ బదులు వైఫై మీదుగా కాల్ మాట్లాడే సదుపాయం, ఆన్ చేయండి. ఫోన్, అందులోని సిమ్ రెండూ ఆ సదుపాయం ఉన్నవైతే, రౌటర్‌లో ఉన్నది వేరే సంస్థ సిమ్ అయినా ఆమె నంబరుకు వచ్చే కాల్ ఇంట్లోనే మోగుతుంది. కరెంటు పోతే రౌటర్‌తో పాటు కాల్స్ కూడా ఆగిపోతాయి. మీ ఊళ్లో కోతలు మామూలే అయితే రౌటర్‌కు, వైఫై పెట్టెకు చిన్న యూపీఎస్‌లు తగిలించడం మరవకండి.

చాలా కీప్యాడ్ ఫోన్లకు వైఫై కాలింగ్ లేదు. పొలంలో సిగ్నల్ ఉంటే నాన్నగారు తన ఫోన్‌నే వాడుకోవచ్చు. ఇంట్లో మాత్రం ల్యాండ్‌లైన్‌లా బల్ల మీద ఉంచే 4జీ సిమ్ ఫోన్లలో, బయటి యాంటెన్నా తగిలించే వీలున్న రకాన్ని చూసి కొనండి. రిసీవర్, పెద్ద మీటలు ఉంటాయి కాబట్టి ఆయనకు కొత్తగా నేర్చుకోవలసిందేమీ ఉండదు.