చంపకమాల పట్టని పుట

చిరంజీవికి,

పరిశోధన పత్రికకు పుట సైజు ఎలా ఉండాలో చెబుతూ నువ్వు రాసిన వ్యాసం అందింది. శ్రమపడ్డావు. కానీ దాన్ని ఎ4 కాగితం మీద రెండు కాలమ్‌లుగా పేర్చి పంపావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది.

రెండో పుట, ఎడమ కాలమ్, పదకొండో వరుస తీయి. ‘పరిశీలించినప్పుడు ఆ పదం’. అంతే! తర్వాతి మాట ‘వ్యవహారభ్రష్టమైపోయిందని’ పట్టక కిందికి దిగింది. మిగిలిన మూడు మాటల మధ్య ఎడ్లబండి తోలవచ్చు. ఎ4 వెడల్పు 210 మిల్లీమీటర్లు. అటూ ఇటూ 25 చొప్పున అంచులు, మధ్యలో 6 పోతే కాలమ్‌కు మిగిలేది 77. ఇంగ్లీషు సైన్సు పత్రికలకు అది చాలు: వాళ్లవి చిన్న అక్షరాలు, పొట్టి మాటలు, పట్టకపోతే అడ్డగీత పెట్టి విరిచే పద్ధతి స్థిరపడి ఉంది. సంధులతో, ప్రత్యయాలతో సాగే మన మాటను ఎక్కడ విరుస్తావు? ‘అంతర్జాతీయ ప్రమాణం’ అని నువ్వు మూడుసార్లు రాశావు. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమే అది.

నా మొదటి వ్యాసానికీ ఈ గతే పట్టింది. ప్రబంధ పద్యాల మీద రాశాను. సంపాదకుడు రెండు కాలమ్‌లలో కుక్కాడు. చంపకమాల పాదానికి 21 అక్షరాలు. ప్రతి పాదమూ తోక తెగి కింది వరుసలో పడింది. నాలుగు పాదాల పద్యం ఎనిమిది వరుసలు మింగింది. అడిగితే ‘జాగా కలిసొస్తుందండీ’ అన్నాడు! ఎక్కడ కలిసొచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆనాటి నుంచి నా కొలబద్ద ఒకటే. 12 పాయింట్ల అక్షరంతో చంపకమాల పాదం ఒక్క వరుసలో పట్టాలి. వరుసను బట్టి పుట, పుటను బట్టి కాగితం. 1/8 డెమీ, అంటే ఐదున్నర అంగుళాలకు ఎనిమిదున్నర, దీనికి సరిపోతుంది; చేతిలోనూ ఇముడుతుంది. 23×36 అంగుళాల షీటుకు 32 పుటలు వస్తాయి. శాసన పాఠాలు, పెద్ద పట్టికలు ఉంటే 1/4 క్రౌన్ అనే ఇంకా పెద్ద సైజుకు వెళ్లు: 20×30 అంగుళాల షీటుకు 16 పుటలు. అక్కడ కూడా ఒకటే కాలమ్. రెండు కాలమ్‌లు పదసూచికి, నిఘంటువుకు పెట్టుకో, కాదనను.

ఇంకొకటి. వరుసల మధ్య ఎడం కంప్యూటర్ ఇచ్చినదే ఉంచేశావు. 12 పాయింట్లకు అది ఇచ్చేది 14.4. అది వత్తులు లేని లిపికి కుదిరిన లెక్క. నీ పుటలో ‘రాష్ట్రం’ కింది వత్తులు దిగువ వరుస గుడుల మీద కూర్చున్నాయి. 17 పెట్టు. పుటలు పెరుగుతాయని ముద్రాపకుడు గొణుగుతాడు, గొణగనీ.

ముఖచిత్రం రంగు, పత్రికలకు గుర్తింపుగా ఇచ్చే ఐఎస్‌ఎస్‌ఎన్ సంఖ్య గురించి కూడా అడిగావు. అవి మరో ఉత్తరంలో.

ముందు ఆ రెండో పుటను డెమీలో మళ్లీ పేర్చి, కాగితం మీద అచ్చుతీసి తపాలాలో పంపు. ఫోనులో ఫోటో వద్దు, స్కేలు పెట్టి కొలవాలి.

ఆశీస్సులతో.